వదిన నోట్లో గుండుసూదులు

మా వదిన నోట్లో ఎప్పుడూ అయిదారు గుండుసూదులు ఉంటాయి. అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ తప్ప వాటిని తీయదని మా అన్నయ్య వేళాకోళం చేస్తాడు. ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు ఆమెది. ఒకరికి తొడిగిన జాకెట్టు మీద సూదులు గుచ్చుతూనే ఇంకొకరి కొలత తీస్తుంది. పెదవుల మధ్య సూదులు పట్టుకుని మాట్లాడితే మాట పళ్ళ సందులోంచి గాలిలా వస్తుంది. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, నాకు అవుతుంది. అందుకే ఇరవై రెండేళ్ళుగా ఆ కొట్లో నా ఉద్యోగం ఇది. వదిన టేపు పట్టి అంకె గొణుగుతుంది. నేను దాన్ని పైకి అంటాను. ఆమె తల ఊపితే కొలతల పుస్తకంలో రాస్తాను. "భుజం పదిహేను!" "నడుము ముప్పై నాలుగు!" కొలత తప్పు పడకుండా పెట్టుకున్న పద్ధతి అది. గట్టిగా అరవడం మాత్రం నా సొంత ప్రతిభ. వీధిలో అందరూ నన్ను మైకు అంటారు. నాకు అసలు పేరొకటి ఉందని బ్యాంకు వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ సంగతంతా వదిన గురించి చెబుదామనే మొదలుపెట్టాను. చెప్పుకుంటూ పోతే నా గురించి కూడా చెప్పక తప్పదు. నాకు ఇష్టం లేదు. అయినా చెబుతాను.

వీధిలో ఉన్న ఆడవాళ్ళందరి ఒంటి కొలతలూ వదినకు తెలుసు. ఎవరికి ఏ భుజం వంగి ఉంటుందో, ఎవరు ఊపిరి బిగబట్టి నడుము తక్కువ చూపిస్తారో చూడకుండానే చెబుతుంది. తన కొలత మాత్రం ఎన్నడూ తీసుకోలేదు. మిగిలిన ముక్కలతో ఉజ్జాయింపుగా ఏదో కుట్టుకుని తొడుక్కుంటుంది. పుస్తకంలో ఆమెకు పేజీయే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆమె నోట్లోంచి సూదులన్నీ తీసి అయస్కాంతం మీద పెట్టింది. అన్నం వేళ కాని వేళ అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. నేను పుస్తకం మూసేశాను.

"కుడివైపు చిన్న గడ్డలాగా తగుల్తోందే. బఠాణీ గింజంత," అంది.

"ఎన్నాళ్ళయింది?"

"నెల."

"నెలా! ఇప్పుడా చెప్పడం?"

"అరవకు. సిగ్గేసింది."

ఊళ్ళో ఆడవాళ్ళందరూ తెర వెనక ఎవరి ముందు మొహమాటం లేకుండా నిలబడతారో, ఆ మనిషికి ఒక డాక్టరు ముందు నిలబడటానికి సిగ్గేసిందట. నాకు ఒళ్ళు మండింది. తిట్టాను. తిట్టాక నాకే ఏడుపొచ్చింది.

కొట్టుకు తాళం వేసి "పెళ్ళికి వెళ్ళాం" అని అట్టముక్క తగిలించాం. అదీ సిగ్గే. పరీక్షలు చేశారు, సూదితో ముక్క తీసి పంపారు, అనుకున్నదే, క్యాన్సరే అయింది. సర్జను మా ఇద్దరికంటే చిన్నది. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. మాట మాత్రం స్థిరంగా ఉంటుంది. తెల్లకాగితం తీసి రెండు బొమ్మలు గీసింది.

"తొలిదశలోనే దొరికింది. గడ్డ చిన్నది, ఒకటిన్నర సెంటీమీటరు. కాబట్టి మీకు రెండు దారులున్నాయి. మొదటిది, గడ్డను దాని చుట్టూ కాస్త మంచి కండతో కలిపి తీసేయడం. రొమ్ము ఉంటుంది. కానీ ఆ తర్వాత కొన్ని వారాలపాటు, వారానికి అయిదు రోజులు రేడియేషన్‌కి రావాలి. తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనిపిస్తే ఇంకోసారి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. రెండోది, రొమ్ము మొత్తం తీసేయడం. మీలాంటి వాళ్ళకు తర్వాత రేడియేషన్ చాలావరకు అక్కర్లేదు. ఆపరేషన్ పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కావాలంటే తర్వాత కొత్తగా ఆకారం కట్టించుకోవచ్చు. చంకలో ఒకటి రెండు గ్రంథులు తీసి చూడటం రెండింట్లోనూ ఉంటుంది. మందులు ఏం వాడాలన్నది గడ్డ స్వభావాన్ని బట్టి, ఆపరేషన్ని బట్టి కాదు."

"ఏది చేయించుకుంటే ఎక్కువ రోజులు బతుకుతుంది?" మాతో వచ్చిన అన్నయ్య అడిగాడు. అన్నయ్య బస్సు డ్రైవరు. ఇరవై టన్నుల బండిని ఒంటిచేత్తో తిప్పే మనిషి, ఆ గదిలో కుర్చీ అంచున ముడుచుకుని కూర్చున్నాడు.

"ఆయుష్షు లెక్కలో రెండూ సమానమే. అదే చోట మళ్ళీ రావడమన్నది మొదటిదాంట్లో కొంచెం ఎక్కువ. వస్తే అప్పుడు చూసుకోవచ్చు. మొత్తం తీసినా ఇక రానే రాదని నేను హామీ ఇవ్వలేను. అందుకే ఎంచుకోవాల్సింది నేను కాదమ్మా, మీరు."

"మొత్తం తీసేయండి," అంది వదిన. బజార్లో గుడ్డ చింపమన్నట్టు అంది.

సర్జను కళ్ళజోడు పైకి తోసుకుని వదిన మొహంలోకి చూసింది. "ఎందుకని?"

వదిన ఆ కాగితం అంచును గోటితో మడుస్తూ కూర్చుంది.

"అలా కావాలనుకోవడం తప్పేం కాదు. చాలామంది అదే కోరుకుంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. మీ కారణం మీకు తెలియాలి. తొందరేం లేదు. సోమవారం వచ్చి చెప్పండి."

బయటికొచ్చాక అన్నయ్య "నువ్వేదంటే అదే" అని, బండి తీసుకొస్తానని వెళ్ళి, పావుగంట దాకా రాలేదు. గోడవార బల్ల మీద నేనూ వదినా కూర్చున్నాం.

"రేడియేషన్‌కి భయపడుతున్నావా?" అన్నాను.

"కాదు."

"రోజూ కొట్టు మూయాలనా?"

"కాదే. టీచరమ్మకు లేనిది నాకెందుకు?"

నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళలో మా ఇద్దరి మధ్య ఆ టీచరమ్మ మాట రావడం అదే మొదటిసారి.

పదకొండేళ్ళ కిందట, బడులు తెరిచే రోజులవి. కొట్టు కిటకిటలాడుతోంది. తెర వెనక ఒకామె బట్టలు మార్చుకుంటోంది, బయట ఆరుగురు వరస కట్టారు. లెక్కల టీచరమ్మ చాన్నాళ్ళ తర్వాత వచ్చింది. మనిషి సగమైపోయింది. వదిన చెవిలో ఏదో చెప్పింది. జాకెట్టుకు లోపల ఎడమవైపు ఒక జేబులాంటిది కుట్టాలి, అందులో దూది నింపిన గుడ్డ పెట్టుకుంటుంది, అదీ ఆమె అడిగింది. నాకు అప్పుడు తెలియదు. వదిన తెర ఖాళీ అయ్యేదాకా ఆగాల్సింది, ఆగలేదు. తొందరలో అక్కడే నిలబెట్టి టేపు చుట్టింది. ఎప్పటిలాగే సూదుల మధ్యనుంచి గొణిగింది. "ఎడమవైపు లేదు."

నేను దాన్ని వేళాకోళమనుకున్నాను. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఎడమవైపు లేదా! ఎక్కడ పారేసుకున్నారండీ టీచరమ్మా?" అని అరిచి, పకపకా నవ్వాను.

వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆవిడ వైపు చూసి ఆపేశారు. అందరికంటే ఆఖరున ఆగింది నా నవ్వు. టీచరమ్మ చేతిసంచి గుండెలకు అదుముకుని నిలబడి ఉంది. వదిన టేపును నడుముకు దించింది. "ముప్పై రెండు," అని గొణిగింది. నేను ముప్పై రెండు రాసుకున్నాను. ఇంతకంటే సిగ్గులేని పని నా జన్మలో చేయలేదు. టీచరమ్మ బల్లమీది గుడ్డ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ మా కొట్టు గడప తొక్కలేదు. ఎదురుపడితే అవతలి వైపుకు వెళ్ళిపోయేది.

ఆ రోజు సాయంత్రం వదినతో నేనన్నది ఒక్కటే మాట. "నాకేం తెలుసు?" ఆమె ఏమీ అనలేదు. నేను దాన్ని క్షమించడం కింద జమ కట్టుకున్నాను.

ఇప్పుడు ఆసుపత్రి బల్ల మీద వదిన అంటోంది: "సూదులు ఉమ్మేసి ఒక్క మాట అని ఉండాల్సింది. నోట్లో సూదులున్నాయి కదా అని నోరు మూసుకున్నాను. సాకు దొరికింది నాకు. అందుకే ఈ గడ్డ వచ్చింది."

"పిచ్చి మాటలు మాట్లాడకు. గడ్డలు అలా వస్తాయా?"

"రావని నాకూ తెలుసు. అయినా తీసేయించుకుంటే లెక్క సరిపోతుంది."

అప్పుడు నాకు అర్థమైంది. వదిన ఎంచుకుంటున్నది ఆపరేషన్ని కాదు. తనకు తానే శిక్ష వేసుకుంటోంది. ఆ శిక్షలో సగానికి పైగా నాది. చెప్పాలని నోరు తెరిచాను. వీధి వీధంతా వినపడే నా గొంతు అప్పుడు మాత్రం పెగల్లేదు.

"పోనీ టీచరమ్మనే అడుగుదాం. చేయించుకున్న మనిషి కదా," అన్నాను చివరికి. అడగడానికని అన్నానో, నా బరువు ఇంకొకరి నెత్తిన పెట్టడానికని అన్నానో నాకే తెలియదు.

శనివారం పొద్దున్న వెళ్ళాం. మేడమీది రెండు గదుల వాటా. టీచరమ్మ ఉద్యోగం మానేసినా పిల్లలకు ఇంకా లెక్కలు చెబుతూనే ఉంది. బల్లమీద ఎర్ర కలం, దిద్దిన కాగితాల దొంతర. తలుపు తీసి మమ్మల్ని చూసి గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది. వదిన నోట్లో సూదులు లేవు. అవి లేకపోతే ఆ పెదవులకు ఏం చేయాలో తెలియడం లేదు.

"నాక్కూడా వచ్చిందండీ," అంది వదిన.

టీచరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

టీ పెట్టింది. సర్జను గీసిన కాగితం తీసుకుని ప్రశ్నాపత్రంలా రెండుసార్లు చదివింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. తన గడ్డ పెద్దదయ్యాక బయటపడింది, ఏది కావాలని తనను ఎవరూ అడగలేదు. పది రోజులు పక్కన నీరు కారడానికి గొట్టం, సీసా. చెయ్యి పైకెత్తడానికి రెండు నెలల వ్యాయామం. మొదట్లో అద్దం మీద తువ్వాలు కప్పింది, తర్వాత తీసేసింది.

"ఇప్పుడు నాకే లోటూ లేదు. అది నిజం. మొత్తం తీసేస్తే బతుకేం పాడైపోదు. మళ్ళీ మళ్ళీ రొమ్ముకు ఎక్స్‌రే ఫోటోలు తీయించుకుంటూ భయపడే ఓపిక లేదంటే అదే చేయించుకో, హాయిగా ఉంటావు. ఉంచుకోవాలని ఉందా, రోజూ వెళ్ళి ఆ మిషను కింద పడుకో. ఆ వారాలు అలసటగా ఉంటుందంటారు, కానీ గడిచిపోతాయి. నీకేం కావాలి?"

"మీకు ఎలా చేశారో అలాగే కావాలి."

"ఎందుకు?"

వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది, బడిపిల్లలా. "ఆ రోజు నవ్వింది నేనేనండి. మిమ్మల్ని అందరి ముందూ నవ్వులపాలు చేసింది నేనే."

నేను వదిన పక్కనే ఉన్నాను. టీ గ్లాసు నా చేతిలో ఉంది. టీచరమ్మ వదినను చూడలేదు, నన్ను చూసింది.

"నోటినిండా సూదులున్న మనిషి ఎలా నవ్వుతుంది?" అంది.

తప్పు చేసిన పిల్లవాడు తనంత తానే చెయ్యెత్తుతాడని టీచర్లు ఎదురుచూస్తారు చూడండి, అలా ఎదురుచూసింది. నేను టీ మీద కట్టిన మీగడ చూస్తూ కూర్చున్నాను. యాభై ఏళ్ళ దాన్ని. చెయ్యి ఎత్తలేదు.

ఆవిడ ఇక నా వైపు చూడలేదు. కాగితం మడిచి వదిన చేతిలో పెట్టింది. "ఏ పద్ధతిలో చేసినా ఒకే జవాబొచ్చే లెక్కలు కొన్ని ఉంటాయి. పిల్లలకు అప్పుడు ఒక్కటే చెబుతాను. నీకు చేతనైన పద్ధతిలో చెయ్యి, పక్కవాళ్ళ కాగితం చూసి రాయకు అని. నా కాగితం చూసి రాయకమ్మా. ఆ రోజు నువ్వు నోరు మెదపనందుకు నాకు కోపమే, లేదని చెప్పను. దానికి బదులు తీర్చాలనుంటే నాకు రెండు జాకెట్లు కుట్టిపెట్టు. లోపల జేబుతో. పదకొండేళ్ళుగా పక్కవీధి వాడు కుట్టినవి తొడుక్కుంటున్నా. వాడికి చంక దగ్గర ముడత రాకుండా కుట్టడం రాదు."

వదిన ఏడుస్తూ తల ఊపింది. కానీ మెట్లు దిగుతూ, "ఏమైనా సరే, తీసేయించుకుంటాను," అంది. వదినది మొండి తల. కత్తెర పెట్టాక వెనక్కి తీయడం తెలియని మనిషి.

ఆదివారం నేను కొట్టు తెరిచి పాత కొలతల పుస్తకాలు దించాను. టీచరమ్మ పేజీ దొరికింది. నా చేతివ్రాత. "ఎడమ: సున్నా." పక్కన ఒక ఆశ్చర్యార్థకం. ఆవిడ మెట్లు దిగిపోయాక కూర్చుని మరీ పెట్టాను దాన్ని, ఇప్పుడు గుర్తొచ్చింది. వదినకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ "నాకేం తెలుసు" అని నాకు నేను చెప్పుకున్న కబురు ఆ ఒక్క గీతా చుక్కా చూడగానే అబద్ధమైపోయింది. తెలిశాక కూడా నవ్వుకున్నానన్నమాట. ఆ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

సోమవారం సర్జను గదిలో ఆవిడతో కలిపి మేం నలుగురం కాక ఒక నర్సు, పక్క మంచం అంచున ఇంకొక పేషెంటూ ఉన్నారు. సర్జను కలం తీసింది. "నిర్ణయించుకున్నారా?"

"మొత్తం—" అంది వదిన.

"ఆగు!" అన్నాను. నా మామూలు గొంతే వచ్చింది. పక్క మంచం మీదామె ఉలిక్కిపడింది. "ఆ నవ్వు నాది, వదినా. అరిచింది నేను, నవ్వింది నేను. నువ్వు మొన్న అబద్ధం చెబుతుంటే నోరు మూసుకు కూర్చుంది కూడా నేనే. ఇదిగో చూడు." పుస్తకం తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. "దీన్ని ఆవిడ వెళ్ళిపోయాక పెట్టాను. నా పాపానికి నీ ఒళ్ళు కోయించుకుంటావా? కోయించుకోవాలని నీకు ఉంటే కోయించుకో. నా కోసం వద్దు."

ఏ ముక్కా అర్థంకాని అన్నయ్య నా వైపూ వదిన వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. అంతమంది ముందు నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. చేతులు వాటంతటవే గుండెల మీదికి వచ్చేశాయి.

వదిన ఆ పేజీని చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"నువ్వు నవ్వావని నాకు తెలియదా? పక్కనే ఉన్నాగా," అంది. తర్వాత వేలితో ఆ ఆశ్చర్యార్థకాన్ని తుడిచింది, సిరా పోతుందేమో అన్నట్టు. "ఇది మాత్రం తెలియదు."

పుస్తకం మూసి నా చేతికి ఇచ్చేసింది. నన్ను చూడకుండా సర్జను వైపు తిరిగింది. "ఆ బొమ్మ ఇంకోసారి గీస్తారా?"

ఈసారి ఆమె దర్జీలా అడిగింది. కోత ఎక్కడినుంచి ఎక్కడికి, కుట్టు ఎటువైపు పడుతుంది, అంచు శుభ్రంగా ఉందో లేదో ఎన్ని రోజులకు తెలుస్తుంది, కత్తెర పట్టే చెయ్యి ఎప్పటికి లేస్తుంది. సర్జను విసుక్కోకుండా అన్నింటికీ చెప్పింది. అరగంట పట్టింది. చివర్లో వదిన అంది:

"నాకు ఉంచుకోవాలనే ఉందండీ. మొదటినుంచీ ఉంది. అనడానికి సిగ్గేసింది."

గడ్డ వరకే తీశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, చంకలో ఏమీ లేదు. తర్వాత నాలుగు వారాలు రోజూ నేనే తీసుకెళ్ళాను. పొద్దున్న రేడియేషన్, మధ్యాహ్నం కొట్టు. చర్మం ఎర్రబడింది, కుట్టు మిషను ముందే కునికేది. ఆ రోజుల్లో వదిన నాతో పనికి కావలసినంతే మాట్లాడింది. నాకు అంతకంటే దక్కాలని కూడా లేదు.

టీచరమ్మ జాకెట్లు కుట్టింది వదినే. తీసుకెళ్ళి ఇచ్చింది నేను. గుమ్మంలోనే చెప్పేశాను, లోపలికి పిలిచే లోపల. "నవ్వింది నేనండి." ఆవిడ జాకెట్టు తిరగేసి లోపలి జేబు కుట్టు, చంక కుట్టు వేలితో తడిమి చూసింది. "గంట కొట్టాక రాశావు," అంది. "రాసినందుకు సంతోషం. మార్కులు మాత్రం వేయను." తలుపు వేసుకుంది. నాకు రావలసింది అదే.

"పెళ్ళికి వెళ్ళాం" అన్న అట్టముక్క తీసేశాం. వదిన ఎక్కడికెళ్ళిందో ఇప్పుడు వీధిలో అందరికీ తెలుసు, ఆమే చెప్పింది. కొట్లో కొలతలు ఇప్పుడు తెర వెనకే తీస్తాం, అంకెలు పైకి అనం. మైకు గొంతు పోయిందా అని అడుగుతున్నారు.

మొన్న కొట్టు నిండా జనం ఉండగా వదిన వచ్చి నా ముందు నిలబడింది. "నా బట్టలేవీ సరిగ్గా పట్టడం లేదే. కొలత తియ్యి," అంది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఒంటిమీద టేపు పెట్టడం అదే మొదలు. ఇప్పుడు సూదులు నా నోట్లో. ఆమెకు ఇంకా చెయ్యి పూర్తిగా లేవదని గుచ్చే పని నేనే చేస్తున్నాను. తెర వెనక్కి తీసుకెళ్ళాను. మధ్యనుంచి ఎడమకు కొలిచాను, మధ్యనుంచి కుడికి కొలిచాను. రెండూ ఒకటి కావు.

"ఎంత తేడా?" అంది వదిన, నా కళ్ళలోకి చూస్తూ. తెరకు అవతల ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు.

నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి అయస్కాంతం మీద పెట్టాను. ఆమె చెవి దగ్గరికి వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాను.